బావ కడిగిన ప్లేట్లు

మా బావ వాటిని రికార్డులు అనేవాడు కాదు, ప్లేట్లు అనేవాడు. మా శ్రీకాకుళం వైపు పాతవాళ్లంతా ఆ మాటే వాడేవారు. సీతాఫల్‌మండిలో అక్కా బావా అద్దెకున్న ఇంట్లో ముందుగది మొత్తం ఆ ప్లేట్లదే. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేద్దామని వచ్చి వాళ్లింట్లో దిగాను. కోర్సు అయ్యేదాకా అనుకున్నవాణ్ణి ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఉండిపోయాను. వాళ్లకి పిల్లల్లేరు. అక్క దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. నేనుండటం ఆ ఇద్దరికీ ఇష్టంగానే ఉండేది. నా మంచం వేసింది ప్లేట్ల గదిలోనే. తలవైపు గోడ నిండా అరలు, వాటిలో నిలువుగా పేర్చిన అట్టకవర్లు. పాత అట్టా, కలరా ఉండలూ, కొంచెం స్పిరిట్టూ కలిసిన వాసన ఒకటి ఆ గదిని వదిలేది కాదు.

బావ ప్రభుత్వ ఇంజినీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. వంతెనలకీ కాలవలకీ బొమ్మలు గీయడం తన పని. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. మాట తక్కువ. గొంతెత్తి అరవగా నేనెప్పుడూ వినలేదు. చేతులు మాత్రం చూడాల్సినవి. పెన్సిలు పట్టినా, ప్లేటు పట్టినా వేళ్ల కొసలతోనే. ప్లేటుని కవర్లోంచి తీసేటప్పుడు అంచుకీ, మధ్యనున్న కాగితానికీ తప్ప గీతల మీద వేలు ఆననిచ్చేవాడు కాదు.

నేనొచ్చిన కొత్తలో ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి రెండు చేతుల్లో రెండు ప్లేట్లు పెట్టాడు.

"ఏది బరువు?"

"కుడిచేతిది."

"అది లక్క. చార్మినార్ దగ్గర గాజులు చేస్తారే, ఆ లక్కే. దాన్లో రాతిపొడి కలిపి వేడిమీద అచ్చు వేసేవారు. కింద పడితే పెంకులా పగిలిపోతాది. రెండోది వినైలు. ఒకరకం ప్లాస్టిక్కు. ఎండలో పెడితే వంగుతాది గానీ పగలదు. రెండూ నల్లగా గుండ్రంగా ఉన్నాయని ఒకటే అనుకోకు."

లక్క ప్లేటు నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరుగుతుంది. ఒక్కో పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. బావ దగ్గర పాత నాటకాల సెట్లుండేవి. ఒక్కో నాటకం ఓ దొంతర ప్లేట్ల మీద ఉంటుంది. స్టేజి మీద జనం చాలు చాలనేదాకా రాగం తీసే నటులు ఆ మూడు నిమిషాల్లో పద్యం ముగించాలని ఊపిరి బిగబట్టి పరిగెత్తినట్టు పాడేవారు. అది వింటూ బావ నవ్వుకునేవాడు. "పాపం, ఎదురుగా ఎవడో వాచీ పట్టుకుని నిలబడుంటాడు" అనేవాడు. ఆ తర్వాత ముప్పైమూడు చుట్ల లాంగ్ ప్లే ప్లేటు వచ్చింది. వినైలు మీద గీత సన్నగా పడుతుంది కాబట్టి పక్కకి ఇరవై నిమిషాలు పట్టేది. ఒక సినిమా పాటలన్నీ ఒక్క ప్లేటులో వచ్చేవి. నలభై అయిదు చుట్ల చిన్న ప్లేట్లు ఇంకో రకం. పెళ్లిపందిళ్లలో మైకుసెట్ల వాళ్ల దగ్గర ఎక్కువగా అవే ఉండేవి. క్యాసెట్లు వచ్చాక జనం ప్లేట్లని అటకలెక్కించారు, అటకల మీంచి పాతసామాన్లకి వేసేశారు. బావ పోగుచేయడం మొదలుపెట్టింది అప్పుడే.

మోండా మార్కెట్ వెనక సందులో ఒక పాతసామాన్ల కొట్టు ఉండేది. ఆదివారాలు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆ కొట్టతను వాటిని తవాలు అనేవాడు, రొట్టెలు కాల్చే పెనాల్లా ఉంటాయని. "రా సార్, మీ తవాలు మస్తు వచ్చినయ్, సంచీల ఉన్నయ్ చూస్కో" అని గోనెసంచి మా ముందు కుమ్మరించబోయేవాడు. బావ గబగబా అడ్డం వెళ్లి, సంచి మూతి పట్టుకుని, ఒక్కొక్కటీ చేత్తో పైకి తీసేవాడు. పగిలినవి పోగా మిగిలినవి ఇంటికి తెచ్చాక కడగడం ఒక పెద్ద తంతు. వినైలువైతే నీళ్లలో కొంచెం స్పిరిట్ కలిపి మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. లక్కవైతే ఉత్త నీళ్లు, ఒక చుక్క సబ్బు, అంతే. వడ్రంగులు బీరువాలకి పాలిష్ పెట్టేది లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా, అందుకని లక్క ప్లేటుకి స్పిరిట్ తగిలితే గీత కరిగిపోతుంది. ఈ సంగతి నాకూ అక్కకీ ఎన్నిసార్లు చెప్పాడో. మాటలు చాలవన్నట్టు స్పిరిట్ సీసాకి కాగితం అంటించి, ఎర్రసిరాతో, బొమ్మల కింద రాసే తన తీరైన అక్షరాలతో 'లక్కకి వద్దు' అని రాసిపెట్టాడు.

నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరు ఊరంతా అటే పరిగెత్తుతున్న రోజులవి. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే చీకటిపడ్డాక దిగేవాణ్ణి. కొన్నాళ్లకి ఇంటికి కంప్యూటర్ తెచ్చాను. ఫుట్‌పాత్‌ల మీద నూరేసి పాటలున్న సీడీలు కుప్పలుగా పోసి అమ్ముతుండేవారు. ఒకటి కొని బావకి చూపించాను. వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"దీనికి ముల్లేదీ?"

"ముల్లుండదు బావా. వెలుగుతో చదువుతుంది."

"అయితే అరగదన్నమాట."

"అరగదు."

తనకి పాతవే గొప్ప, కొత్తవన్నీ చెత్త అనే పట్టింపు లేదు. ఆ సీడీని చూసి నిజంగా సంతోషించాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అన్నాడు. "లక్క ప్లేటు వేసినప్పుడల్లా కొంచెం అరుగుతాది. ఒక్కసారి నీ కంప్యూటర్లోకి ఎక్కించీస్తే, ఇంక వాటిని కదపక్కర్లేదు. కవర్లో నిద్రపోతాయి."

అలా ఆదివారాల పని మొదలైంది. వీధిలో ఆటోలు తిరగకముందే, తెల్లవారుతుండగా లేచేవాళ్లం. బావ ప్లేయర్ దగ్గర, నేను కంప్యూటర్ దగ్గర. ఆ ప్లేయర్‌కి వేగం మార్చే మీట ఒకటుండేది. ముల్లుకి రెండు మొహాలు. లక్క ప్లేటు గీత వెడల్పు కాబట్టి దానికి మందపు ముల్లు, వినైలుకి సన్నపుది. ఏ ప్లేటు వేస్తే ఆ మొహం తిప్పుకోవాలి. బావ అవన్నీ చూడకుండానే చేసేవాడు. నేను చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తెర మీద గీతలు చూస్తుండేవాణ్ణి. అక్క లేచి వంటింట్లో గిన్నె చప్పుడు చేస్తే ఇద్దరం ఒకేసారి "ష్" అనేవాళ్లం. ఆవిడ తిట్టుకుంటూ వెళ్లి పెరటిమెట్ల మీద కూర్చునేది. ఆ నెలలు బాగున్నాయి.

ఒక ఆదివారం లక్క ప్లేటు వేశాడు. ఆడమనిషి పాట. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం నూతిలోంచి ఎవరో మగవాడు మూలుగుతున్నట్టు వచ్చింది. తిరిగి చూస్తే ప్లేటు నింపాదిగా తిరుగుతోంది. బావ కళ్లు మూసుకుని మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు.

"బావా, స్పీడు చూడు."

"ఏటి?"

"ముప్పైమూడు మీద ఉంది. లక్క ప్లేటది."

మీట వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వి, "తెలుసు. ఉంచాలనే ఉంచాను" అన్నాడు. హాస్యానికి అన్నాడనుకుని నేనూ నవ్వాను. మీట మార్చలేదు. నేనే లేచి మార్చాను.

తర్వాత ఒక లాంగ్ ప్లే ప్లేటు మీద బూడిదరంగు చార కనిపించింది. ఎవరో ఇసకతో గీసినట్టు. మందపు ముల్లుతో దాన్ని మళ్లీ మళ్లీ వేశాడని చూడగానే తెలిసింది. అడిగితే, "కొట్లోంచే అలా వచ్చింది" అన్నాడు. అది నేను ఎన్నోసార్లు విన్న ప్లేటు.

ఆ రోజుల్లోనే వాళ్లాఫీసుకి కంప్యూటర్లొచ్చాయి. బొమ్మలు ఇక చేత్తో గీయక్కర్లేదు, అందరూ నేర్చుకోవాలన్నారు. బావని ట్రైనింగ్‌కి పంపారు. సంచి నిండా కాగితాలతో తిరిగొచ్చాడు. ఇంట్లో నేను నేర్పడానికి కూర్చున్నాను. మౌస్ పట్టుకుని ఒక గీత గీసేవాడు. తెర కాస్త జరిపితే, "గీత ఎక్కడికి పోయింది?" అనేవాడు. చూపించేవాణ్ణి. "ఓహో" అనేవాడు. మళ్లీ జరిపితే మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో, మొదటిసారి అడుగుతున్నట్టు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు బావ పని తాము చేసిపెడుతున్నారని అక్కతో ఎవరో చెప్పారు.

"వయసొచ్చింది కదురా, ఆ మిషనంటే భయం" అంది అక్క.

వయసేం పెద్దది కాదు. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. అయినా నేను కూడా అదే అనుకున్నాను. ఏ ఆఫీసులో చూసినా తన ఈడువాళ్లు అలాగే ఉండేవారు. కొందరు ముందుగానే రిటైర్మెంటు తీసేసుకుంటున్నారు. ఆ సంవత్సరాల్లో కంప్యూటర్ రాకపోవడం ఇంటింటా ఉన్న మామూలు జబ్బు. దాని వెనక ఇంకో జబ్బు దాక్కుంటే ఎవరికి కనిపిస్తుంది?

ఒక శనివారం మధ్యాహ్నం బయటికెళ్లి ఇంటికొస్తుంటే గేటు దగ్గరికే స్పిరిట్ వాసన కొట్టింది. అక్క స్కూల్లో ఏదో కార్యక్రమం ఉందని వెళ్లింది. పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర బావ పీట వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ప్లాస్టిక్ టబ్బు. దాన్లో సగం దాకా స్పిరిట్. సీసా ఒక్కటి కాదు, మందులషాపు నుంచి కొత్తవి తెచ్చినట్టున్నాడు, ఖాళీవి పక్కన దొర్లుతున్నాయి. నాటకాల సెట్లన్నీ తెచ్చి పక్కన పేర్చుకున్నాడు. ఒక ప్లేటుని టబ్బులో ముంచి గుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నాడు. మోచేతుల దాకా నల్లగా ఉంది. టబ్బులో స్పిరిట్ తారులా ఉంది. కడిగినవాటిని ఒకదాని మీద ఒకటి ఆరబెట్టాడు. అవి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

నన్ను చూసి సంతోషంగా అన్నాడు. "ఎంత మురికి పట్టాయో చూడు. కడిగినకొద్దీ వస్తానే ఉంది."

ఆ వస్తున్నది మురికి కాదు, ప్లేటే. గీతలు కరిగి టబ్బులోకి పోతున్నాయి. పైనున్నదాన్ని చేత్తో ముట్టుకుంటే వేలు అంటుకుని, వేలిముద్ర పడింది.

"బావా, ఇవి లక్కవి" అన్నాను.

"అవును, లక్కవే."

"మరి లక్కకి స్పిరిట్..."

"తగలకూడదు" అన్నాడు. నాకు పాఠం అప్పజెప్పినట్టు. చెప్పి, ఇంకో ప్లేటు తీసి టబ్బులో ముంచాడు.

ఎర్రసిరా కాగితం అంటించిన సీసా తన కాలి దగ్గరే ఉంది. నాకేం చెయ్యాలో తోచలేదు. చేతిలోంచి ప్లేటు లాక్కుంటే లాక్కోవచ్చు. కానీ బావ మొహంలో ఎంత శ్రద్ధ ఉందంటే, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టవుతుందేమోనని జంకాను. మెల్లగా పక్కన కూర్చుని, మిగిలిన ప్లేట్లని ఒక్కొక్కటే నా వెనక్కి జరిపాను. తను గమనించలేదు.

అక్క వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. తర్వాత చేతిసంచి కింద పెట్టి, బావని లేపి, చేతులు కడగడానికి తీసుకెళ్లింది. సబ్బుతో లక్క పోలేదు. చివరికి టబ్బు పక్కన మిగిలిన స్పిరిట్‌లోనే దూది ముంచి ఒక్కొక్క వేలూ తుడిచింది. బావ చిన్నపిల్లాడిలా చేతులు చాచి నిలబడ్డాడు.

"ఎందుకు చేశారు?" అని అడిగింది.

"ఏటి?" అన్నాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక ఆయన ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. బావ పెన్సిలు పట్టుకోగానే చెయ్యి పాత చెయ్యి అయిపోయింది. ఒక్క ఊపులో గుండ్రం గీశాడు. కంపాస్ పెట్టి గీసినట్టుంది. డాక్టరు కూడా ఆశ్చర్యంగా చూశాడు. లోపల ఇంకో చిన్న గుండ్రం, దాని నడిమధ్యన ఒక చుక్క పెట్టాడు. పెన్సిలు బల్లమీద పెట్టి, "అయింది" అన్నాడు.

"అంకెలు వెయ్యరా సార్?" అన్నాడు డాక్టరు.

"ఇలాంటివాటికి అంకెలుండవు" అన్నాడు బావ, ఎంతో మర్యాదగా.

అది ప్లేటు అని అక్కకీ నాకూ తెలుసు. డాక్టరుకి మేం చెప్పలేదు.

జబ్బు పేరు చెప్పాడు. మతిమరుపు ఒక్కటే కాదని, ఒక్కొక్కటీ పోతుందని, వెనక్కి రాదని చెప్పాడు. మందులు రాసిచ్చాడు గానీ వాటి మీద ఆయనకే పెద్ద నమ్మకం లేదని మాట తీరులో తెలిసింది. అక్క ఒక్కటే అడిగింది. "ఎన్నాళ్ల నుంచి ఉండి ఉంటుందండీ?"

"కొన్నేళ్లయి ఉంటుందమ్మా. ఇంట్లోవాళ్లు కనిపెట్టడం కష్టం."

ఆటోలో ఇంటికొస్తూ అక్క బయటికి చూస్తూనే ఉంది. సంగీత్ థియేటర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "ఆ ట్రైనింగ్ రోజుల్లో రోజూ తిట్టేదాన్నిరా" అంది. బావ మా ఇద్దరి మధ్యన కూర్చుని ఎదురుగా ఉన్న బస్సు వెనక అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడు.

బావని ఉద్యోగం నుంచి తప్పించి ఇంటికి పంపించారు. అక్క స్కూలు మానేసింది. మధ్యాహ్నం దాకా బాగానే ఉండేవాడు. ఎండ వాలేసరికి కుదురు పోయేది. చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి, "పద, ఇంటికెళ్దాం" అనేవాడు. ఇదే ఇల్లంటే ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి అక్క స్నానానికి వెళ్లొచ్చేలోపు వెళ్లిపోయాడు. వెతగ్గా వెతగ్గా మౌలాలి రైల్వే కాలనీలో ఎవరి వాకిట్లోనో కూర్చుని దొరికాడు. ఆ ఇంటామె మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. అప్పటినుంచీ గేటుకి తాళం వేశాం. తాళం పట్టుకుని ఊపేవాడు. ఊపి ఊపి, అక్క ఆపబోతే ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టేవాడు. గట్టిగా మాటాడని మనిషి.

ఇలాంటివాళ్లకి పాటలు వినిపిస్తే మంచిదని ఆఫీసులో ఎవరో అన్నారు. నాకు పెద్ద ఆశ పుట్టింది. ఇంత పాటల్లో బతికిన మనిషికి పాట పనిచేయకపోతే ఇంకేం పనిచేస్తుంది? తనకి బాగా ఇష్టమైన లాంగ్ ప్లే ప్లేటు తీసి, సన్నపు ముల్లు పెట్టి, పక్కన కూర్చోబెట్టి వేశాను. ముల్లు ఆనగానే పాత ప్లేటు కదా, చిటపటలు వచ్చాయి. పాట ఇంకా మొదలవనేలేదు. బావ ఉలిక్కిపడి లేచాడు.

"పొయ్యి మీద ఏదో మాడిపోతోంది. ఆపమను. ఎవరూ చూడరేం?"

"పాట బావా. విను, ఇప్పుడొస్తుంది."

పాట వచ్చాక ఇంకా భయపడ్డాడు. గదంతా వెతికాడు, తలుపు వెనకా, మంచం కిందా. "ఎవరావిడ? మనింట్లో ఎందుకుంది?" అన్నాడు. చిటపటలు తీసేసి కంప్యూటర్లోంచి వేసినా అంతే. మూడోసారి వేస్తే ఏడ్చాడు. అక్క వచ్చి ప్లేయర్ తీగ గోడలోంచి లాగేసింది. ఆ ఇంట్లో పాట వినపడటం అదే ఆఖరు. వీధిలో పెళ్లి బ్యాండు వెళ్తే కిటికీలు మూసేవాళ్లం.

కుదురు తెచ్చింది పాట కాదు, కడగడం. ఒక సాయంత్రం గేటు ఊపుతూ ఉంటే అక్క విసిగిపోయి, టబ్బులో నీళ్లు పోసి, ఒక ప్లేటు చేతికిచ్చింది. కూర్చుని కడగడం మొదలుపెట్టాడు. చీకటిపడేదాకా లేవలేదు. అన్నం పెడితే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురం నిద్రపోయాం.

నేను మర్నాడు చూశాను. గిన్నెలు తోమే పొడితో, కొబ్బరిపీచుతో తోమాడు. ప్లేటు నలుపు పోయి పలకలా బూడిదరంగులోకి తిరిగింది. మధ్యనున్న కాగితం నాని ముద్దయిపోయింది. అది దొరకడం చాలా అరుదు. తను ఎన్ని ఆదివారాలు తిరిగి సంపాదించాడో నాకు తెలుసు.

"అక్కా, ఇది కాదు. వేరే ఏదన్నా ఇవ్వు. స్టీలు పళ్లాలివ్వు."

"ఇచ్చాను. విసిరికొట్టారు. ఆయనకి ప్లేటే కావాలి."

"ఇలా రోజుకొకటి ఇస్తే ఇంకేం మిగుల్తాయి? బావ జీవితమంతా పోగుచేసినవి."

అక్క నా మొహంలోకి చూసింది. మణికట్టు మీద నల్లగా కమిలిన మరక ఉంది. దాన్ని కొంగుతో కప్పుకుంది.

"ప్లేట్లు ఎవరివి?"

"బావవి."

"మరి ఆయన్నే కడుక్కోనీ" అంది.

అయినా నాకు మనసొప్పలేదు. ఆదివారం ఒక్కణ్ణే మోండా మార్కెట్ సందుకి వెళ్లి, పగుళ్లిచ్చినవీ, గీతలుపడ్డవీ, ఎవరికీ అక్కర్లేని ప్లేట్లు సంచిడు తెచ్చాను. కొట్టతనికి అర్థం కాలేదు.

"ఏంది సార్, పాడైనవే ఏరుకుంటున్నవ్? మంచివి ఉన్నయ్ గదా."

"పాడైనవే కావాలి."

"పెద్దసార్ రాలే?"

"ఒంట్లో బాగాలేదు."

"జెర పైలం చూస్కో" అని ఇంకో నాలుగు ఊరికే సంచిలో వేశాడు. తర్వాత నాకోసం పాడైనవి పక్కనపెట్టేవాడు. నేనేదో వాటితో వ్యాపారం చేస్తున్నాననుకున్నాడేమో తెలీదు. అసలు సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

అలా సంవత్సరం పైన నడిచింది. బావ కడిగేవాడు, అక్క ఆరబెట్టేది, నేను కొత్తవి తెచ్చేవాణ్ణి. సంచి ఖాళీ అయిన వారం, నేను ఆఫీసు పనిలో మునిగి వెళ్లలేకపోయిన వారం, అక్క అరలోంచి మంచివే తీసి ఇచ్చేది. ఏది ఇచ్చిందో నాకు చెప్పేది కాదు. నేను చూడటం మానేశాను. పొద్దున్న ఆఫీసుకెళ్లే ముందు పెరట్లో బట్టల తీగ కింద గోడకి ఆనించి ఉన్న బూడిదరంగు గుండ్రాల్ని చూడకుండా, పక్కనించి నడిచి వెళ్లేవాణ్ణి.

తర్వాత కడగడమూ మర్చిపోయాడు. ప్లేటు ఒళ్లో పెట్టుకుని, అరచేతులు దానిమీద పరిచి కూర్చునేవాడు. గీతల మీద వేలు ఆననివ్వని మనిషి. కొన్నాళ్లకి ప్లేటు చేతిలోంచి జారినా తెలిసేది కాదు. నడక పోయింది. మింగడం పోయింది. అక్క అన్నాన్ని జావ చేసి చెంచాతో పోసేది. గొంతులోంచి ఎటుపోయిందో ఏమో, దగ్గు పట్టుకుని ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో ఒక వానాకాలం సాయంత్రం, నేను కింద క్యాంటీన్లో అక్కకి టీ తీసుకుంటుండగా పోయాడు. పైకి వెళ్లేసరికి అక్క బావ చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. నా చేతిలో టీ చూసి, "అక్కడ పెట్టు" అంది. కాసేపటికి తీసుకుని తాగింది.

అంత్యక్రియలకి ఊరినుంచి చుట్టాలొచ్చారు. అంత సంగీతం ఇష్టమున్న మనిషి కదా, తనకి ఇష్టమైన పాటలు నాలుగు పెట్టరాదా అన్నారెవరో. అక్క వద్దంది.

ఆ తర్వాత అక్కకి మళ్లీ స్కూల్లో ఉద్యోగం దొరికింది. ఇంటి ఓనరు స్థలం అపార్టుమెంటుకి ఇస్తున్నానంటే మౌలాలి వైపు రెండు గదుల వాటాకి మారింది. మిగిలిన ప్లేట్లు మాత్రం వదల్లేదు. కడిగినవీ, కడగనివీ అన్నీ కలిపి ఒక బీరువాలో పెట్టింది. నేను పెళ్లయి మియాపూర్ వెళ్లిపోయాను. ప్లేయర్ ఎవరు తీసుకెళ్లారో గుర్తులేదు. కంప్యూటర్లోకి ఎక్కించిన పాటలు కొన్ని సీడీల మీద ఉండేవి. ఒకసారి వేసి చూస్తే సగం తెరుచుకోలేదు. మిగతావి నేను వేయలేదు.

కొన్నేళ్లకి మా ఆఫీసులో మళ్లీ ప్లేట్ల మోజు వచ్చింది. నా కింద పనిచేసే ఒక కుర్రాడు ప్లేట్లు తిప్పే కొత్త టర్న్‌టేబుల్ కొన్నాడు. మా ఇంట్లో పాత ప్లేట్లున్నాయని ఎవరి ద్వారానో విని, ఒక్కసారి చూపించమని ప్రాణం తీశాడు. అక్కకి ఫోన్ చేస్తే, "తీసుకురా, నాకేం" అంది. ఆదివారం వెళ్లాం. వాడు బీరువా ముందు కింద కూర్చుని, చేతులు రుమాలుకి తుడుచుకుని, ఒక కవర్ తీశాడు. కవర్ మీద బొమ్మ చూసి కళ్లు పెద్దవయ్యాయి. లోపల్నుంచి ప్లేటు జాగ్రత్తగా, అంచు పట్టుకుని తీశాడు. బూడిదరంగులో పలకలా ఉంది. మధ్యన కాగితం లేదు. వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"అయ్యో, ఇదెవరు చేశారు సార్?" అన్నాడు నాతో.

అంతలో వంటింట్లోంచి అక్క టీ తెచ్చింది.

"మా ఆయన" అంది. "బాగా కడిగేవారు."

వాడు ఆవిడ వైపూ నా వైపూ చూశాడు. ప్లేటుని మళ్లీ కవర్లో పెట్టాడు. అక్క టీ అందించి, మీది ఏ ఊరని అడిగింది. విజయనగరం అన్నాడు. ఏ వీధి అని అడిగింది. అలా కాసేపు వాళ్లిద్దరూ ఊరి సంగతులు మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు వాడు ఏ ప్లేటూ అడగలేదు. అక్క బీరువా తలుపు వేసి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.